గట్టు దాటితే... మళ్లీ చీటీ!

అక్టోబరు నెల. అనంతపురం జిల్లాలో ఓ ఎర్రనేల చేను. వేరుసెనగ పీకే రోజులు (సీమలో ఎవరూ వేరుసెనగ అనరు, శెనక్కాయే!). నలుగురైదుగురు చేనికి నైరుతి మూలన నిలబడి ఉంటారు. ఒకరి చేతిలో టేపు, మరొకరి దగ్గర తాడూ నాలుగు మేకులూ. ఇంకొకరి చేతిలో అంకెలు తప్ప ఇంకేమీ లేని ఓ కాగితం. అందులో చూసి 'ఇటు ముప్పై ఒకటి, అటు పన్నెండు' అంటారాయన. అడుగులు లెక్కపెట్టుకుంటూ బయల్దేరతారు. తీరా వెళ్లి చూస్తే ఆ చోటు గట్టు అవతల, పక్కవాళ్ల కందిచేలో తేలుతుంది. ఉసూరుమంటూ అందరూ మళ్లీ మూలకొస్తారు. కాగితంలో ఇంకో రెండంకెలు చూస్తారు. మళ్లీ నడక.

చూసేవాళ్లకి నవ్వొస్తుంది. చేను మధ్యలో ఎక్కడో ఓ చోట తాడు పరిచి నాలుగు మొక్కలు పీక్కుపోక, ఇదేం చాదస్తం అనిపిస్తుంది. కానీ ఆ వెనక్కి రావడంలోనే అసలు సంగతంతా ఉంది. వాతావరణం లెక్కలు కట్టే కంప్యూటర్లు, అణువుల కదలికల్ని అంచనా వేసే కంప్యూటర్లు లోపల్లోపల చేసే పనుల్లో ఇదొకటి. అంకె తీయడం, నప్పకపోతే అవతల పారేసి మళ్లీ తీయడం. గణాంకశాస్త్రంలో దీన్ని రిజెక్షన్ శాంప్లింగ్ అంటారు. మనం తెలుగులో 'వద్దనుకునే పద్ధతి' అనుకుందాం.

చేలో జరిగేదాన్ని సర్కారు భాషలో 'పంట కోత ప్రయోగం' అంటారు. ఊరి మొత్తం పంటని తూకం వేయలేం కాబట్టి కొన్ని చేలు ఎంచుకుని, ఒక్కో చేలో అయిదు మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పున చిన్న మడి గీసి, అందులో మొక్కలన్నీ పీకి, కాయ కోసి తూకం వేస్తారు. మడి 25 చదరపు మీటర్లు. హెక్టారంటే పదివేల చదరపు మీటర్లు. అంటే మడిలో వచ్చిన బరువుని 400తో హెచ్చవేస్తే హెక్టారు దిగుబడి. కిలో కాయ వస్తే హెక్టారుకి 400 కిలోలన్నమాట. దేశంలో ఎంత పంట పండిందో చెప్పే లెక్కలకి ఆధారం ఇదే. దిగుబడిని బట్టి పరిహారమిచ్చే పంటల బీమాకీ ఇదే ఆధారం. ఇప్పుడు కాగితంతో పాటు ఫోన్లో యాప్ కూడా వచ్చింది, చేను ఎక్కడుందో జీపీఎస్ చెప్పేస్తుంది. కానీ అంకెల ఆట మాత్రం అదే.

అనంతపురంలో ఈ ఆట విలువ ఇంకాస్త ఎక్కువ. నైరుతి రుతుపవనాలకి పడమటి కనుమలు అడ్డం. ఈశాన్య రుతుపవనాలకి తూర్పు సముద్రం దూరం. రెంటికీ చెడ్డ పీఠభూమి ఇది. ఏడాది మొత్తానికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ ఒక ఊళ్లో పడి పక్క ఊళ్లో పడకపోవచ్చు. ఒకే ఊళ్లో చెరువు కింద పడి, గుట్ట వైపు పడకపోనూవచ్చు. 2022లో పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా విడిపోయింది కానీ, మబ్బుకి ఆ హద్దులేం తెలుసు!

దోసెడు కాయ ఖరీదు

ఓ చిన్న లెక్క వేద్దాం. ఇవి ఉదాహరణకి అనుకున్న అంకెలే. ఊరికి బీమాలో హామీ దిగుబడి హెక్టారుకి 600 కిలోలనుకోండి. ప్రయోగాల్లో సగటున 450 వచ్చింది. తగ్గింది 150, అంటే పాతిక శాతం. కాబట్టి బీమా సొమ్ములో పాతిక శాతం పరిహారం. ఎకరాకి బీమా సొమ్ము 20 వేలైతే చేతికొచ్చేది 5 వేలు.

ఇప్పుడు ఊళ్లో జరిగింది నాలుగే ప్రయోగాలనుకుందాం. అందులో ఒక మడిలో ఓ వంద గ్రాముల కాయ ఎక్కువ తూగింది. మహా అయితే దోసెడు. ఆ మడి లెక్క హెక్టారుకి 40 కిలోలు పెరుగుతుంది. నాలుగింటి సగటులో అది 10 కిలోలు. ఆరువందల్లో పది అంటే వందకి 1.67. ఎకరాకి 333 రూపాయలు తగ్గింది. ఊళ్లో వెయ్యి ఎకరాలకి బీమా ఉంటే 3 లక్షల 33 వేల రూపాయలు. దోసెడు కాయ!

అందుకే ఆ మడి ఎక్కడ పడాలన్నది రైతు చేతిలో ఉండకూడదు, అధికారి చేతిలో ఉండకూడదు, బీమా కంపెనీ చేతిలో అసలే ఉండకూడదు. అనంతపురం వేరుసెనగకి కొన్ని సీజన్లలో దిగుబడి లెక్కతోనూ, కొన్ని సీజన్లలో వాన లెక్కతోనూ బీమా నడిచింది. వాన లెక్కయితే రెయిన్‌గేజి దగ్గర పంచాయితీ. దిగుబడి లెక్కయితే మడి దగ్గర పంచాయితీ.

మిగిలినవి ఎందుకు పారేస్తారు?

మొదట ఏ చేనో తేలాలి. ఊళ్లో సర్వే నంబర్లు 327 ఉన్నాయనుకోండి. మూడంకెల చీటీలు 000 నుంచి 999 దాకా ఉన్నాయి. చీటీ తీస్తే 214 వచ్చింది, బాగానే ఉంది. 640 వస్తే? ఊళ్లో ఆ నంబరే లేదు. వద్దనుకుని మళ్లీ తీయాలి. ఇలాగైతే వెయ్యిలో 673 చీటీలు వృథా.

కాస్త తెలివైన దారి ఉంది. 640ని 327తో భాగించండి. శేషం 313. ఆ సర్వే నంబరు తీసుకోండి (శేషం సున్నా వస్తే 327 అనుకోవాలి). ఇలా చేస్తే 1 నుంచి 981 దాకా ప్రతి చీటీ పనికొస్తుంది, ఎందుకంటే 327కి మూడు రెట్లు 981. ప్రతి సర్వే నంబరుకీ సరిగ్గా మూడు చీటీలు. మరి 982 నుంచి 999 దాకా ఉన్న పద్దెనిమిదీ? వాటినీ భాగించేస్తే పోలా? అక్కడే చిక్కు. వాటి శేషాలు 1 నుంచి 18 దాకా వస్తాయి. అంటే ఊళ్లో మొదటి పద్దెనిమిది సర్వే నంబర్లకి నాలుగేసి చీటీలు, మిగతా వాళ్లకి మూడేసి. పెళ్లి బంతిలో మొదటి వరసకి ఇంకో లడ్డూ వేసినట్టు! అందుకే ఆ పద్దెనిమిదీ, 000 కలిపి పంతొమ్మిది చీటీలు పక్కన పెట్టేయాలి. మొదట 673 పారేశాం, ఇప్పుడు 19. సమానత్వం మాత్రం రెండు దారుల్లోనూ ఒకటే.

నంబరు ఊళ్లో ఉంది, కానీ అక్కడ వేరుసెనగ లేదు. చెరువు పోరంబోకో, రాళ్లగుట్టో. ఎండలో నిలబడ్డవాళ్లకి చటుక్కున వచ్చే ఆలోచన 'దీని పక్క నంబరు తీసుకుందాంలే' అని. తప్పేముంది అనిపిస్తుంది కదూ? చూద్దాం. 41, 42, 43, 44 నంబర్లు చెరువు పోరంబోకు. 45, 46 వేరుసెనగ చేలు. 41 వచ్చినా 45కే వెళ్తాం. 42 వచ్చినా 45కే. 43, 44 వచ్చినా అక్కడికే. 45 వస్తే ఎలాగూ 45. మొత్తం అయిదు చీటీలు ఆ ఒక్క చేనుకే పోయాయి. 46కి మిగిలింది ఒకటే. పైగా 45 చెరువు పక్కన ఉంది, పదును కాస్త నిలిచే నేల. అక్కడ కాయ కాస్త బాగానే ఊరుతుంది. గుట్ట మీద ఎండిపోయిన చేల వాళ్లందరి తలరాతా ఈ చెరువు పక్క చేను తూకంతో ముడిపడుతుంది. ఎవరూ మోసం చేయలేదు. కాస్త సులువు వెతుక్కున్నారంతే.

పారేసి మళ్లీ మొత్తంలోంచి తీస్తే ఈ బెడద లేదు. లేని నంబరు వచ్చినప్పుడు అది ఎవరికీ లాభం చేయదు, ఎవరికీ నష్టం చేయదు. మిగిలిన చేలన్నీ ఎప్పట్లాగే సమానం.

చేను లోపల మడికీ అదే న్యాయం. మన చేలు చెస్ బోర్డు గళ్లలా ఉండవు. ఒకటి మూడు మూలలది, ఇంకోటి వంక పక్కన కొడవలిలా వంగి ఉంటుంది. అలాంటి చేను చుట్టూ మనసులోనే ఓ దీర్ఘచతురస్రం గీసుకుని, దాని పొడవు వెడల్పుల్లో అంకెలు తీస్తారు. మడి చేను బయట పడితే వద్దు. బయట పడ్డ మడిని 'కొంచెం లోపలికి జరుపుదాం' అంటే? జరిపినవన్నీ గట్టు అంచునే చేరతాయి. గట్టు వెంట మొక్క చేను మధ్యలో మొక్కలాంటిది కాదు. అక్కడ వేపచెట్టు నీడ ఉంటుంది, మేకలు మూతి పెట్టి ఉంటాయి, కొన్నిచోట్ల గట్టుకి ఆగిన నీళ్లతో ఏపుగానూ ఉంటుంది. (నిజం చెప్పాలంటే మడి మొత్తం చేలోనే పట్టాలి కాబట్టి, గట్టు అంచు మొక్కలకి వంతు కాస్త తగ్గుతుంది. ఆ చిన్న లోపం ఈ పద్ధతిలో ఉండేదే.)

ఇక్కడ ఒక్క షరతు ఉంది. వద్దనే నియమం ముందే రాసి ఉండాలి. గట్టు చూసి వద్దనవచ్చు, కాయ చూసి వద్దనకూడదు. 'ఈ చోట మొక్క మరీ పల్చగా ఉంది, ఇంకో అంకె తీయండి' అన్నా, 'ఇక్కడ మరీ ఏపుగా ఉంది, వదిలేయండి' అన్నా ఆ క్షణంలో లెక్క చెడిపోతుంది. ఎండిపోయిన చేనంటే సున్నా దిగుబడి. ఆ సున్నాని కూడా లెక్కలో రాయాల్సిందే. నన్నడిగితే ఏ అంకెల్ని ఎందుకు వద్దన్నారో కూడా వరసగా రాసి ఊరి గోడకి అంటించాలి. తీసుకున్న అంకె కంటే వదిలేసిన అంకె దగ్గరే అనుమానాలు ఎక్కువ.

ఇంట్లో చేసి చూడండి

ఇంతవరకూ ప్రతి చేనూ సమానం. మరి సమానం కాని వాటిని ఎలా తీయాలి? వానలే తీసుకోండి. చినుకులు ఎక్కువసార్లు పడతాయి, కుండపోత ఎప్పుడో ఒకసారి. ఇరవై వాన రోజుల్లో పది రోజులు చిరుజల్లు, ఆరు రోజులు ఓ మోస్తరు, మూడు రోజులు మంచి వాన, ఒక్కరోజు కుండపోత అనుకుందాం. ఇదే నిష్పత్తిలో వానల్ని మనమే పుట్టించాలి.

రెండు డబ్బాలు తీసుకోండి. మొదటి దాంట్లో నాలుగు చీటీలు: జల్లు, మోస్తరు, మంచివాన, కుండపోత. రెండో దాంట్లో 1 నుంచి 10 దాకా పది చీటీలు. ఒక్కో డబ్బాలోంచి ఒక్కో చీటీ తీయండి. అంకె ఆ వాన లెక్కకి లోపలుంటే రాసుకోండి, దాటితే పారేయండి. 'మోస్తరు, 4' వచ్చింది. మోస్తరు లెక్క ఆరు, నాలుగు లోపలే ఉంది, రాసుకోండి. 'కుండపోత, 7' వచ్చింది. కుండపోత లెక్క ఒకటే, కాబట్టి వద్దు. ప్రతిసారీ చీటీలు మళ్లీ డబ్బాలో వేసి కలపడం మరిచిపోకండి.

జరుగుతున్నది గమనించారా? డబ్బాలో నాలుగు వానలూ సమానమే. కానీ జల్లు వచ్చినప్పుడు పదికి పదిసార్లూ నిలుస్తుంది. కుండపోత వచ్చినప్పుడు పదికి ఒక్కసారే నిలుస్తుంది. మొత్తం నలభై జతల్లో ఇరవై నిలుస్తాయి, ఇరవై పోతాయి. నిలిచినవి సరిగ్గా మనం కోరిన నిష్పత్తిలో ఉంటాయి. మా ఇంట్లో మొదటి ఇరవై వానల్లో కుండపోత ఒక్కసారీ రాలేదు. 'ఇరవైకి ఒకటన్నావుగా' అని మా చిన్నాడు నిలదీశాడు. ఇరవైకి ఒకటంటే ప్రతి ఇరవైలోనూ ఒకటని కాదని చెప్పడానికి తాతలు దిగొచ్చారు. ఆ మాటకొస్తే వాన కోసం చూసే అనంతపురం రైతుకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు.

చీటీలు వద్దనుకుంటే చాక్‌పీసుతో నేల మీద ఓ గడి గీసి, అందులో కొండలాంటి గీత గీయండి. కళ్లు మూసుకుని శెనక్కాయలు గడిలోకి విసరండి. కొండ కింద పడ్డవే ఉంచి, పైన పడ్డవి తీసేయండి. మిగిలిన ఒక్కో కాయ నుంచి తిన్నగా కింది గీతకి దిగి, ఎక్కడుందో గుర్తు పెట్టండి. కొండ ఎత్తున్న చోట గుర్తులు దట్టంగా, పల్లంలో పల్చగా వస్తాయి. ఏ ఆకారం గీస్తే ఆ ఆకారం. (మా ఇంట్లో తీసేసిన కాయలన్నీ చిన్నాడి నోట్లోకి పోయాయి కాబట్టి ప్రయోగం అర్ధాంతరంగా ఆగింది.)

ఇలా కంప్యూటర్ చేత వందల కొద్దీ ఉత్తుత్తి రుతుపవనాలు పుట్టించి, ఫలానా రోజున విత్తితే ఏమవుతుందో చూడొచ్చు. ఉత్తుత్తి వానలక్కర్లేకుండా పాత రికార్డులతోనూ చూడొచ్చు. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో సులోచనా గాడ్గిల్ బృందం చేసింది అదే. అనంతపురం ప్రాంతపు దశాబ్దాల వాన లెక్కల్ని వేరుసెనగ పెరుగుదల నమూనాలో వేసి, ఎప్పుడు విత్తితే మేలని పరిశీలించారు.

వద్దనుకోవడం మొదలైందెక్కడ?

పంటల లెక్కలో చీటీల పద్ధతి మనదేశానికి కొత్తది కాదు. 1920లలోనే బీహార్, ఒరిస్సాల్లో హబ్బక్ అనే ఐసీఎస్ అధికారి వరిచేలల్లో ఎంపిక మనిషి చేతిలో లేకుండా మడులు కోయించి చూశారు. తర్వాత 1931లో కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించిన మహలనోబిస్ బెంగాల్ జనుము చేలలో పెద్దఎత్తున సర్వేలు నడిపారు. చిన్న మడులైతే పని తేలిక అన్నది ఆయన పక్షం. చిన్న మడి దిగుబడిని ఎక్కువ చేసి చూపిస్తుందని సుఖాత్మే వాదన. కారణం సులువే. తాడు మీద పడ్డ మొక్క మనదా కాదా అన్నప్పుడు చెయ్యి లోపలికే లాగుతుంది. అయిదు మీటర్ల మడికి చుట్టు హద్దు 20 మీటర్లు, విస్తీర్ణం 25. ఒక మీటరు మడికి హద్దు 4 మీటర్లు, విస్తీర్ణం ఒకటే. హద్దు ఎక్కువైన కొద్దీ తగాదా మొక్కలు ఎక్కువ.

ఆ కలకత్తా సంస్థకే 1941లో వెళ్లాడు ఓ తెలుగు కుర్రాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదివిన ఆయన కల్యంపూడి రాధాకృష్ణ రావు, లోకానికి సి.ఆర్.రావు. 1920లో ఆయన పుట్టిన హడగలి అప్పట్లో బళ్లారి జిల్లాలో ఉండేది. 1882లో అనంతపురం జిల్లా విడిపోయింది కూడా బళ్లారి నుంచే. అంటే మన పక్కింటి మనిషే! 2023లో గణాంకశాస్త్రపు అంతర్జాతీయ బహుమతి అందుకుని, అదే ఏడాది ఆగస్టులో 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

అంకెల పట్టికల కథ ఇంకోటి. 1927లో ఇంగ్లండులో టిప్పెట్ జనాభా లెక్కల పుస్తకాల్లోంచి ఏరి 41,600 అంకెల పట్టిక అచ్చేశాడు. 1955లో అమెరికాలో ర్యాండ్ సంస్థ పది లక్షల అంకెలతో ఓ లావాటి పుస్తకమే తెచ్చింది. చదవడానికి కథ లేదు, బొమ్మల్లేవు. అయినా అమ్ముడుపోయింది!

వద్దనుకునే పద్ధతిని కంప్యూటర్ల కోసం తీర్చిదిద్దినవాడు జాన్ ఫాన్ నాయ్‌మన్. 1947లో స్నేహితుడు ఉలామ్‌కి రాసిన ఉత్తరంలో చెప్పి, 1951లో అచ్చులో పెట్టాడు. అదే వ్యాసంలో నాణెం చిట్కా ఒకటుంది, పిల్లలకి తప్పక చెప్పండి. క్రికెట్ టాస్‌కి వాడే నాణెం వంకరది, బొమ్మే ఎక్కువ పడుతుందని అనుమానం. ఏం చేయాలి? రెండుసార్లు ఎగరేయండి. బొమ్మ, బొరుసు వరసలో పడితే మొదటి జట్టుది. బొరుసు, బొమ్మ వరసలో పడితే రెండో జట్టుది. రెండూ ఒకటే పడితే వద్దు, మళ్లీ ఎగరేయండి. నాణెం వందకి అరవైసార్లు బొమ్మ వేసేదైనా, బొమ్మ-బొరుసుకి అవకాశం 24 శాతం, బొరుసు-బొమ్మకీ 24 శాతమే. మిగతా 52 శాతం వృథా. టాస్ ఆలస్యమవుతుంది, అంతే.

ఆ వృథానే ఈ పద్ధతికి శాపం. గుండ్రటి చేను చుట్టూ చదరం గీస్తే వందలో 78 మడులు లోపల పడతాయి, ఫర్వాలేదు. బంతి చుట్టూ పెట్టె అయితే 52. పొడవు, వెడల్పు, ఎత్తులాంటి కొలతలు పది ఉన్న 'బంతి'ని ఊహించుకుంటే (కంప్యూటర్లకి అది మామూలే) దాదాపు నాలుగొందల అంకెలకి ఒకటి నిలుస్తుంది. అందుకే పెద్ద లెక్కలకి వేరే దారులు వెతుక్కున్నారు. వేరుసెనగ చేనుకి ఉన్నవి రెండే కొలతలు కాబట్టి మనకా బాధ లేదు.

ఉన్న బాధ వేరు. చీటీ ఎంత నిజాయితీగా తీసినా, ఊరికి నాలుగే చీటీలైతే నాలుగూ చెరువు కిందే పడే అవకాశం ఉంది. పక్షపాతం లేకపోవడం వేరు, గురి తప్పకపోవడం వేరు. 'నా చేను ఎండిపోతే పక్కోడి చేను తూకం వేస్తారేంది సార్' అని రైతు అడిగే ప్రశ్నకి రిజెక్షన్ శాంప్లింగ్ దగ్గర జవాబు లేదు. ప్రయోగాలు పెంచడమో, బీమాని చేను దాకా దించడమో చేయాలి. రెండూ ఖర్చుతో పనే.

మన చేలోకి మళ్లీ వద్దాం. రెండోసారి తీసిన అంకెలు కూడా వంక ఒడ్డుకే చేర్చాయి. మూడోసారి '19, 8' వచ్చింది. అడుగులు లెక్కపెడుతూ వెళ్తే ఈసారి చేను లోపలే ఆగారు. అక్కడ మొక్క పల్చగా ఉంది, మధ్యలో ఓ బండరాయి కూడా ఉంది. ఎవరో 'ఇంకోటి తీద్దామా' అన్నట్టు చూశారు. కాగితం పట్టుకున్నాయన తల అడ్డంగా ఊపి, మొదటి మేకు దిగ్గొట్టారు.